మా యింటికి వచ్చిన పచ్చపొడి

హోసూరులో తరతరాలుగా కాపురమున్న మాబోటి తెలుగువాళ్లకు ఒక చిక్కు వుంది. ఏ కొత్త మాట చెవినబడినా దాన్ని తెలుగుతో ఒకసారి, తమిళంతో ఒకసారి, కన్నడంతో ఒకసారి సరిచూసుకుంటాము. మూడింటిలో ఏ అర్థం ముందుగా పైకి తేలుతుందో చెప్పలేము. బెంగుళూరులో చదువుకుంటున్న మా అమ్మాయి ఒక శనివారం యింటికి వచ్చి, "నాయనా, నాకు పొద్దున లేవగానే మాచా లేకపోతే తోచదు" అన్నది. మా అమ్మ చేతిలోని చిక్కుడుకాయలు పళ్లెంలో పడేసి, "ఎవరే ఆ మచ్చా? ఏ వూరు వాడు?" అని అడిగింది. తమిళంలో మచ్చాన్ అంటే బావో బావమరిదో అవుతాడు. బెంగుళూరు కుర్రాళ్లు స్నేహితుణ్ణి పిలవాలన్నా మచ్చా అనే అంటారు. "మచ్చా కాదు అవ్వా, మాచా. జపానువాళ్ల టీపొడి" అని పిల్ల సంచిలోనుంచి అరచేతిలో యిమిడే డబ్బా తీసి చూపించేదాకా ఆవిడ ముఖం తేటపడలేదు. తేటపడ్డాక కొంచెం నిరుత్సాహం కూడా నాకు కనిపించింది.

ఆ డబ్బా తూకం 30 గ్రాములు. వెల 1,200 రూపాయలు. యిరవై యేళ్లుగా బిల్లులు సరిచూసే వుద్యోగం చేస్తున్నవాణ్ణి గనుక, పొడి రంగుకన్న ముందు నాకు ఆ అంకె కనబడింది. గ్లాసుకు 2 గ్రాముల లెక్కన డబ్బా 15 గ్లాసులకు వస్తుంది. అంటే గ్లాసుకు పొడి ఒక్కటే 80 రూపాయలు. పాలూ పండూ కలుపుకుంటే వంద. "బెంగుళూరు అంగడిలో యెంత?" అన్నాను. "మామిడిపండుది 290" అన్నది, నా వంక చూడకుండా. నెలకు యిరవై రోజులు తాగితే 5,800 రూపాయలు అయింది. నేను కోప్పడలేదు. మా కాలంలో సినిమాలకు పోసిన డబ్బుకు మా నాయన లెక్క అడగలేదు గనుక నాకూ ఆ నోరు లేదు. యింట్లోనే చేసుకుందాం, నేర్పించు అన్నాను. అప్పటినుంచీ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా వంటింట్లో యీ పని నడుస్తున్నది.

పొడి సంగతి మొదట తెలుసుకోవాలి. జపానులో క్యోటో దగ్గర వుజి అనే వూరు దీనికి పేరుబడ్డది. నిషియో, యమె, కగోషిమా ప్రాంతాలలో కూడా పండిస్తారు. కోతకు సుమారు మూడువారాల ముందు టీతోటమీద పందిళ్లు వేసి యెండ తగలకుండా కప్పివుంచుతారు. నీడన పెరిగిన ఆకు వున్న కాస్త వెలుతురును పట్టుకోవడానికి పచ్చదనం హెచ్చు చేసుకుంటుంది. యెండ తగిలితే వగరుగా మారిపోవలసిన పదార్థం ఒకటి మారకుండా ఆకులోనే నిలిచి, నాలుకకు ఒక కమ్మదనం యిస్తుంది. దాని పేరు థియనిన్. కోసిన ఆకును వెంటనే ఆవిరిపట్టి, మామూలు టీలాగా నలపకుండా ఆరబెట్టి, కాడలూ యీనెలూ తీసివేసి, రాతి తిరగలిలో విసురుతారు. ఒక తిరగలి గంటకు 30, 40 గ్రాములకు మించి పొడి యివ్వదు. వడిగా తిప్పితే రాయి వేడెక్కి పొడి వాసన చెడుతుందట.

యిది చదివి వినిపిస్తే మా అమ్మ అప్పటికప్పుడు ఒప్పుకుంది. పదేళ్ల వయస్సునుంచీ రాగులు విసిరిన చెయ్యి ఆవిడది. "మెల్లిగా తిప్పినామంటే పిండి వస్తుంది. ఆత్రపడి తిప్పినామంటే రాయి వస్తుంది" అన్నది. మా పిల్ల తెచ్చిన బుల్లి డబ్బా ఒక తిరగలికి యించుమించు ఒక గంట కష్టమన్నమాట. చవకరకాలను యిప్పుడు యంత్రాలలోనే పొడిచేస్తారు, అది వేరే సంగతి. కానీ మంచిరకం అడిగినంతా యెందుకు దొరకదో యీ తిరగలి లెక్క చూస్తే తెలుస్తుంది. లోకమంతా ఒక్కసారిగా దీనిమీద పడడంతో 2024 శరత్కాలంలో క్యోటోలోని పేరుమోసిన పాత దుకాణాలవారే మనిషికి యిన్ని డబ్బాలని హద్దు పెట్టవలసివచ్చింది.

కొనేటప్పుడు డబ్బామీద "పూజాయోగ్యం" అన్నంత గొప్పగా, తేనీటి వుత్సవానికి తగిన తరగతి అని రాసివుంటుంది. ఆ తరగతుల పేర్లకు జపానులో చట్టపరమైన కొలత యేదీ లేదు. అమ్మేవాడు పెట్టుకున్న పేరే. అంతకన్న డబ్బా వెనుకనున్న చిన్న అక్షరాలు చదవడం మేలు. మన దేశంలో సరుకుల పేర్లు యెక్కువ వున్నది ముందుగా, తక్కువ వున్నది వెనుకగా వేయాలన్నది నియమం. చక్కెర, పాలపొడి ముందు వచ్చి మాచా మూడోదో నాలుగోదో అయితే మీరు కొంటున్నది చక్కెర అన్నమాట. పొడి లేత గరికలాగా పచ్చగా వుండాలి. యెండుగడ్డి రంగులో వుంటే అది పాతదో, మామూలు పచ్చటీ ఆకును పొడిచేసినదో అయివుంటుంది. పండ్లతో కలిపేవారికి అన్నిటికన్న ఖరీదైన రకం దండగ అని నా అభిప్రాయం. దాని సున్నితమైన రుచి మామిడిపండు కింద పడి నలిగిపోతుంది. కాస్త చేదు బలంగా వున్న మధ్యరకమే పండుకూ పాలకూ యెదురు నిలుస్తుంది.

యిక కలపడం. ఫిల్టరు కాఫీ కలపడం వచ్చిన యింట్లో దీనికి కొత్త విద్య అక్కరలేదు. మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. 70, 80 డిగ్రీల వేడి కావాలి. కొలిచే సాధనం మాకు లేదు. మరిగిన నీటిని గ్లాసులోనుంచి దబరాలోకి, దబరాలోనుంచి గ్లాసులోకి రెండు మూడుసార్లు తిరగబోస్తే సుమారుగా ఆ వేడికి దిగుతుంది. పొడిని టీ వడగట్టే జాలీలో వేసి చెంచాతో రాస్తూ జల్లించాలి. యిది మానవద్దు సుమండీ. అంత మెత్తని పొడి వుండలు కట్టక మానదు, తరువాత యెంత చిలికినా ఆ వుండలు విడవవు. మొదట ఒక చెంచాడు చల్లనీళ్లతో ముద్దలాగా కలిపి, ఆపైన మూడు నాలుగు చెంచాల వేడినీళ్లు పోసి చిలకాలి. జపానువారు ఒకే వెదురు ముక్కను సన్నని పుల్లలుగా చీల్చి చేసిన కుంచెలాంటి చిన్న కవ్వం వాడతారు. నారా ప్రాంతంలో తకయామా అనే వూరు ఆ పనికి ప్రసిద్ధి. అది మా దగ్గర లేదు. మా ఆవిడ మజ్జిగ చిలికే కవ్వాలలో అన్నిటికన్న చిన్నది తీసి యిచ్చింది. బిగువు మూత వున్న సీసాలో పోసి గిలకొట్టినా నురగ వస్తుంది.

అప్పటికి సిద్ధమైనది పచ్చని చేదు. దీన్ని పండుతో కలపడం జపానువారి ఆచారం కాదు, కాఫీ దుకాణాలు పుట్టించిన కొత్త పోకడ అని మా పిల్ల చెప్పింది. నేను కొంచెం చదివి చూస్తే సంగతి అంత తేలికగా లేదు. వారి పద్ధతిలో మొదట తీపి తిని, తరువాత చేదు తాగుతారు. ఆ తీపి వస్తువుకు వారు వాడే కాషి అనే మాటకు మొదట అర్థం పండూ కాయా అనే. 16వ శతాబ్దిలో సెన్ నో రిక్యూ కాలంలో చక్కెర మిఠాయిలు యింకా అరుదు గనుక యెండబెట్టిన పండ్లూ, చెస్ట్‌నట్ గింజలూ పెట్టేవారు. కాబట్టి పండు యీ టీ పక్కన కూర్చోవడం పాతమాటే, గ్లాసులోకి దిగడమే కొత్త. బెల్లంముక్క కొరికి నీళ్లు తాగే మనకు యీ వరస వింతగా తోచదు.

మా కృష్ణగిరి జిల్లా మామిడికి పుట్టిల్లు. గుజ్జు తీసే కార్ఖానాలు యిక్కడ బోలెడు. వాటికి పోయేది యెక్కువగా తోతాపురి. దాని గుజ్జులో కొంచెం పులుపు వుంటుంది, పాలకన్న చల్లనీళ్లతోనే దానికి పొత్తు కుదురుతుంది. పాలతో కలపడానికి రసపురి గానీ బంగినపల్లి గానీ మేలు. బాగా మాగిన పండు గుజ్జు నాలుగు చెంచాలు గ్లాసు అడుగున వేసి, మంచుముక్కలు వేసి, కాచి చల్లార్చి మీగడ తీసిన పాలు సగం గ్లాసు పోసి, చిలికిన మాచాను చెంచా వెనుకవైపుమీదుగా మెల్లిగా వదలాలి. కింద పసుపు, నడుమ తెలుపు, పైన పచ్చ నిలుస్తాయి. పండులోని చక్కెర బరువుకు గుజ్జు అడుగున వుండిపోతుంది. అంతకుమించి మాయ లేదు. మా పిల్ల దానికి నాలుగువైపులనుంచీ ఫోటోలు తీసి, ఆపైన చెంచాతో అంతా కలిపేస్తుంది. అంత అందంగా నిలబెట్టినదాన్ని తానే కలిపేయడం యేమిటని మా ఆవిడ ప్రతి వారమూ నొచ్చుకుంటుంది. కలపక తాగితే అడుగున తీపి, పైన చేదు వేరువేరుగా తగులుతాయి. కలపవలసిందే. చక్కెర మాత్రం అక్కరలేదు.

అన్ని పండ్లూ దీనికి లొంగవు. అనాసపండు పచ్చిరసం పాలలో పోస్తే పాలు విరుగుతాయి, చేదు కూడా పుడుతుంది. దానిలోని ఒక పదార్థం పాల మాంసకృత్తులను కోసివేస్తుంది. అయిదు నిమిషాలు వుడికించి చల్లార్చిన గుజ్జయితే ఆ బెడద వుండదు. దానిమ్మ, నేరేడు నాకు నచ్చలేదు. పండులో వగరు, పొడిలో వగరు రెండూ కలిసి నాలుక గరుకెక్కుతుంది. ఏలకి అరటిపండు మెదిపి వేస్తే చిక్కగా కమ్మగా వుంటుంది గానీ అది తాగేదా తినేదా అన్న అనుమానం వస్తుంది. కర్బూజా బాగుంటుంది. స్ట్రాబెర్రీలను మా పిల్ల కొద్దిగా బెల్లంతో వుడికించి వేస్తుంది. నిమ్మరసం పిండితే పచ్చరంగు క్రమంగా మాసి ఖాకీరంగులోకి దిగుతుంది. పులుపు తగిలితే ఆకుపచ్చదనం నిలవదు, గోంగూర వుడికించిన ప్రతి యిల్లాలికీ యిది తెలుసు. అయినా వేసవిలో నిమ్మరసం, చిటికెడు వుప్పు, చల్లనీళ్లు, మాచా కలిపిన గ్లాసుకు సాటి లేదంటాను. రంగు ఫోటోకు కావాలి, నాలుకకు కాదు.

యింతవరకూ చెప్పినది సరదా. యీ డబ్బా మా యింటికి వచ్చిన కారణం సరదా కాదు. మా అమ్మకు పదేళ్లుగా చక్కెరజబ్బు. మాచా తాగితే చక్కెర దిగుతుందని ఫోనులో యెవరో చెబుతుంటే మా పిల్ల నమ్మి, తన ఖర్చులకు యిచ్చిన డబ్బులో మిగిల్చి, అవ్వకోసమని కొన్నది. ఆ ప్రేమను తప్పుపట్టడానికి యెవరికీ నోరు రాదు. కానీ మూడోవారం మా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, "పచ్చపొడి తాగుతున్నాను గదరా, మాత్ర సగం చేద్దునా?" అని రహస్యంగా అడిగింది. నాకు గుండె ఝల్లుమన్నది. మాత్ర చీటీ రాసినవారిని అడగకుండా ఒక్క రవ్వ కూడా విరవకూడదని చెప్పి, మరునాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరకు పోయినాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "చక్కెర లేకుండా తాగితే తాగనీ, మంచిదే. మాత్ర యథాప్రకారం వేసుకోవాలి. మామిడిగుజ్జు మాత్రం రెండు చెంచాలు మించకూడదు, అదీ రోజూ కాదు" అన్నారు. మా అమ్మకు రెండో మాట వినబడలేదు. మూడోది వినబడి చిన్నబుచ్చుకుంది.

మాచాను మందు అనడం నిన్నటి ఫోనులో పుట్టిన మాట కాదని ఆ తరువాత తెలిసింది. చీనాదేశంనుంచి 1191లో టీ విత్తనాలతో తిరిగివచ్చిన ఐసాయ్ అనే బౌద్ధ గురువు, 1211లో టీ తాగి ఆరోగ్యం కాపాడుకోవడం గురించే పుస్తకం రాశాడు. 1214లో అక్కడి షోగన్ సనెతొమొ మద్యం యెక్కువై తలభారంతో పడివుంటే టీయే మందుగా పంపించాడు. యెనిమిదివందల యేళ్లనాటి నమ్మకమన్నమాట. ఐసాయ్ కాలంలో చక్కెర మాత్రలు లేవు, రక్తపరీక్షలూ లేవు. మనకు వున్నాయి.

ఆ రక్తపరీక్షే రెండో సంగతి తేల్చింది. అవ్వకు తోడుగా వచ్చిన మా పిల్ల ఆస్పత్రి మెట్లెక్కి ఆయాసపడుతుంటే, మా ఆవిడ దాని కింది రెప్ప లాగి చూసి, పిల్లకూ పరీక్ష చేయించాలని పట్టుబట్టింది. ఆడవాళ్లకు 12కు తగ్గకూడని హిమోగ్లోబిన్ 9.4 అని వచ్చింది. పొద్దున యేం తింటావమ్మా అని డాక్టరుగారు అడిగితే పిల్ల తలవంచుకుంది. హాస్టల్లో టిఫిను మానేసి, ఒక మాచా తాగి కాలేజీకి పోతున్నది. సన్నబడాలట. తక్కిన రోజుల్లో భోజనంతోపాటే యింకొకటి.

యిక్కడ ఒక వివరం ప్రతి యింట్లోనూ తెలియవలసినది. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరలు, పప్పులు, గింజలలో వుండే యినుమును పట్టుకుని వంటికి పట్టనివ్వవు. మాంసంలోని యినుము మీద ఆ దెబ్బ అంతగా వుండదు. కాబట్టి మాలాగా శాకాహారపు యింటివాళ్లకు నష్టం యెక్కువ. కాఫీ, మామూలు టీ కూడా యీ పనే చేస్తాయి. మాచాలో ఆకంతా కడుపులోకి పోతుంది గనుక అలక్ష్యం పనికిరాదు. భోజనానికి, యినుపమాత్రకు గంటసేపు ముందూ వెనుకా యివేవీ తాగకూడదన్నారు. పప్పులో నిమ్మరసం పిండుకోవడం, భోజనమైనాక జామపండు తినడం యినుము పట్టడానికి సాయపడతాయన్నారు. ఖాళీకడుపున మాచా తాగడం మానాలి. ఒక గ్లాసులో సుమారు 60 మిల్లీగ్రాముల కెఫీను వుంటుంది, రాత్రి పొద్దుపోయాక తాగితే నిద్ర రాదు.

యింటికి వచ్చాక మా ఆవిడ డబ్బా తీసి వీధిలో పారేస్తానన్నది. నేను వద్దన్నాను. పారేస్తే పిల్ల బెంగుళూరులో 290 పెట్టి మాకు తెలియకుండా తాగుతుంది, అంతే. మా తాతగారి కాలంలో కాఫీ గురించి యిళ్లలో యిలాంటి రభసే జరిగిందని మా నాయన చెప్పేవాడు. కాఫీ తాగితే పెద్దవాళ్లముందు నోరు కడుక్కునేవారట. 1930లలో టీ ప్రచారం చేసేవారు వూరూరా తిరిగి టీ కాచి చూపించి వూరకే పోసేవారు. వచ్చినది పోదు. యే వేళకు, యెంత, యెవరికి అన్నది యింట్లోవాళ్లు నిర్ణయించుకోవాలి. మేము నిర్ణయించుకున్నాము. డబ్బా హోసూరులోనే వుంటుంది, గాలి తగలకుండా, ఫ్రిజ్జులో, పెసలడబ్బా వెనుక. ఆదివారం నాలుగింటికి మధ్యాహ్నభోజనం అరిగాక ఒక్క గ్లాసు. హాస్టల్లో పొద్దున రెండు యిడ్లీలయినా తిన్నట్టు పిల్ల ఫోటో పంపించాలి. ఫోటోలు తీయడం ఎలాగూ సరదాయే గదా.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే 11.3 వచ్చింది. మాత్రలు యింకా నడుస్తున్నాయి. ఆ గొప్ప మాత్రలదీ, యిడ్లీలదీ, కందిపప్పుదీ. మాచాకు అందులో భాగమేమీ లేదు, దాని అడ్డు తొలగిందంతే. కానీ వారంవారం శనివారం బస్సుకు పిల్ల తప్పకుండా రావడంలో దానికి కొంచెం భాగం వుందని నాకు తోస్తుంది. కవ్వం దాని చేతిలో వుంటుంది, జాలీ నా చేతిలో వుంటుంది, మా అమ్మ పీటమీద కూర్చుని పండు మెదుపుతుంది. ఆ అరగంటలో పిల్ల నోట బయటికి వచ్చే హాస్టలు సంగతులు ఫోనులో యెప్పుడూ రాలేదు. సన్నబడాలన్న మాట యెవరు యెక్కించారో కూడా ఒక ఆదివారం అలాగే తెలిసింది. ఆ సంగతి యిక్కడ రాయడం బాగుండదు.

మామిడి అయిపోయింది. యిప్పుడు జామ నడుస్తున్నది. యెర్రజామను వుడికించి గింజలు జల్లెడలో తీసి చల్లనీళ్లతో కలిపితే, అవ్వకు రెండు చెంచాలకన్న కాస్త యెక్కువే చెల్లుతుంది, డాక్టరుగారిని అడిగే చేస్తున్నాము. ఆగస్టు వచ్చిందంటే సీతాఫలాలు దిగుతాయి. సీతాఫలం గుజ్జు, పాలు, మాచా కలిస్తే పాయసంలాగా వుంటుందని పిల్ల అంటున్నది. గింజలు యెవరు తీయాలన్నది మా యింట్లో యింకా తేలలేదు.